సముద్ర యాట్ రేసుల్లో స్కిప్పర్ కావాలనుకునే మహిళలకు

మొదటి రేసులో ఎంత పెద్ద యాట్ (తెరచాప పడవ) మీద చోటు దొరికిందన్న దానికన్నా, అక్కడ ఏ పని నేర్చుకునే వీలుందన్నది చూసుకోవాలి. బ్రిటిష్ నావికురాలు ట్రేసీ ఎడ్వర్డ్స్ 1985-86 విట్‌బ్రెడ్ ప్రపంచ ప్రదక్షిణ రేసులో వంటమనిషిగా ప్రయాణించారు. ఆ తరువాతి రేసుకే, అంటే 1989-90లో, అందరూ మహిళలే ఉన్న మొట్టమొదటి సిబ్బందితో ‘మెయిడెన్’ అనే యాట్‌కు స్కిప్పర్‌గా, అంటే దాన్ని నడిపించే నాయకురాలిగా వెళ్ళి, తన తరగతిలో రెండు అంచెలు గెలిచి, ఆ తరగతిలోనే మొత్తం మీద రెండవ స్థానం సాధించారు. వంట పని ద్వారానే దారి దొరికితే సంతోషంగా ఒప్పుకోండి, కాని మొదటి వారం నుంచే చార్టులు (సముద్ర పటాలు) పరిచే బల్ల దగ్గర కూర్చోవడానికి అనుమతి అడగండి. వాతావరణ సూచనలు చదివి, మీరే స్కిప్పర్ అయితే ఏ దారి పట్టేవారో ముందుగా రాసిపెట్టుకుని, మరునాడు వీచిన గాలితో పోల్చి చూసుకోవడం కన్నా మంచి బడి నాకు తెలియదు.

అర్హతలను కూడా అప్పటినుంచే కూడబెట్టుకోవాలి. బ్రిటన్‌లో తీరానికి దూరంగా యాట్ నడిపే సామర్థ్యాన్ని చూసే యాట్‌మాస్టర్ ఆఫ్‌షోర్ పరీక్షకు 50 రోజుల ప్రయాణం, 2,500 నాటికల్ మైళ్ళు, కనీసం 5 రోజుల స్కిప్పర్ అనుభవం అడుగుతారు. ప్రాణరక్షణ శిక్షణ, ప్రథమ చికిత్స, రేడియో లైసెన్సు ఎలాగూ తప్పవు.

ఒంటరి రేసుల వైపు వెళ్ళదలిస్తే ఆరున్నర మీటర్ల మినీ యాట్‌తో మొదలుపెట్టడం మేలు. అట్లాంటిక్‌ను దాటే మినీ ట్రాన్సాట్‌కు ముందు ఎక్కడా ఆగకుండా, ఒంటరిగా 1,000 మైళ్ళు ప్రయాణించి అర్హత చూపాలి. ఇరవై నిమిషాల చొప్పున నిద్రపోవడం, ఆటోపైలట్‌ను నమ్మవలసిన చోటు, నమ్మకూడని చోటు, చీకట్లో చేతి తడుముడుతోనే తాళ్ళను గుర్తుపట్టడం అక్కడే ఒంటబడతాయి. పొరపాటు జరిగినా చిన్న తెరచాపను సరిచేసుకోవడం తేలిక. అక్కడినుంచి సుమారు 40 అడుగుల క్లాస్ 40 యాట్‌లు, ఆపైన ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే వెండే గ్లోబ్ రేసులో పాల్గొనే 18.28 మీటర్ల ఇమోకా యాట్‌లు వస్తాయి.

ఇంత పెద్ద యాట్‌ను నడిపే కండబలం ఆడవారికి ఉంటుందా అని మిమ్మల్ని తప్పక అడుగుతారు. సుమారు ఐదడుగుల రెండంగుళాల ఎత్తున్న ఎలెన్ మెకార్థర్ 24 ఏళ్ళ వయసులో 2000-01 వెండే గ్లోబ్‌లో రెండవ స్థానంలో నిలిచారు. బలం తక్కువైన చోట ముందుచూపుతో పని జరుగుతుంది: గాలి పెరిగాక తెరచాప కుదించడానికి పట్టే శ్రమ, పెరగబోతుందని తెలిసినప్పుడే కుదిస్తే సగం కూడా ఉండదు. తెరచాప స్తంభం ఎక్కడాన్ని మాత్రం రేవులో ఉన్నప్పుడే, అలసిపోయేదాకా సాధన చేయండి.

అన్నిటికన్నా కఠినమైనది డబ్బు. ‘మెయిడెన్’ను కొనడానికి ఎడ్వర్డ్స్ తన ఇల్లు తాకట్టు పెట్టవలసి వచ్చింది. స్పాన్సర్ ముందుకు వెళ్ళేటప్పుడు తెరచాపలు, బీమా, ఒడ్డున పనిచేసే బృందం, మరమ్మతులు అన్నీ కలిపిన నాలుగేళ్ళ లెక్క చేతిలో ఉండాలి. ఒప్పందంలో గర్భధారణ, ప్రసూతి గురించిన మాట స్పష్టంగా రాయించుకోవాలి. 2020-21 వెండే గ్లోబ్‌ను 12వ స్థానంలో ముగించిన క్లారిస్ క్రెమర్ బిడ్డను కన్న తరువాత, అర్హతకు కావలసిన మైళ్ళలో వెనుకబడినందున, 2023లో స్పాన్సర్‌ను కోల్పోయారు. కొత్త స్పాన్సర్‌తో ఆమె 2024-25 రేసును పూర్తిచేశారు గాని, అంతటి నావికురాలికి ఆ పరిస్థితి రావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

రేసు మధ్యలో మరొకరి ప్రాణం మీ చేతిలో పడవచ్చు. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో, 2022లో దక్షిణ హిందూ మహాసముద్రంలో తోటి పోటీదారు టాపియో లెహ్తినెన్ పడవ మునిగిపోయినప్పుడు, కిర్‌స్టన్ నాయ్‌షాఫర్ తన దారి మార్చి వెళ్ళి ఆయనను లైఫ్‌రాఫ్ట్ (ప్రాణరక్షక తెప్ప) నుంచి కాపాడి, ఒక సరుకు ఓడకు అప్పగించి, తిరిగి రేసులోకి వచ్చారు. 2023 ఏప్రిల్‌లో ఆ గోల్డెన్ గ్లోబ్ రేసును ఆమే గెలిచారు. కాబట్టి మీ సన్నాహాల్లో ఒక రోజును దీనికే కేటాయించండి: గట్టి గాలిలో, ఒంటరిగా, మనిషంత బరువున్న మూటను నీటిలో వదిలి, యాట్‌ను వెనక్కి తిప్పి, దాన్ని డెక్ మీదికి చేర్చగలిగేదాకా మళ్ళీ మళ్ళీ ప్రయత్నించండి.