రంగులు కొన్నా బొమ్మ వెయ్యలేకపోతున్నారా? చేతిని అనుమానించే ముందు ఇవి చూడండి

మా శ్రీకాకుళంలో రంగుల సంగతి ఎత్తితే చాలామంది అనే మాట ఒకటే, "చిన్నప్పుడు బాగా వేసేదాన్నండీ, ఇప్పుడు రావట్లేదు" అని. రాకపోవడం ఏటీ ఉండదు. చాలావరకు తేడా పేపర్లోనో, నీళ్ళలోనో, కలర్ డబ్బా పెట్టిన చోటులోనో ఉంటాది. అది సరిచేస్తే చెయ్యి దానంతటదే కదులుతాది. ఇది రోజూ కాసేపు రంగులతో ఆడుకోవాలనుకునే వాళ్ళ కోసం.

సమస్య: కలర్స్ ఉన్నాయి గానీ తియ్యబుద్ధి కావట్లేదు

బద్ధకం అనుకుంటారు, కాదు. డబ్బా బీరువా మీదుంటాది, దాన్ని దింపి, పాత పేపర్ పరిచి, నీళ్ళు తెచ్చుకుని, అయ్యాక అన్నీ కడిగి మళ్ళీ పైన పెట్టాలంటే ఆఫీసు నుంచి వచ్చిన మనిషికి ఎవరికైనా విసుగే. కాబట్టి ముందు డబ్బా దించేయండి. ఓ పాత తెల్ల పింగాణీ ప్లేట్లో నాలుగైదు వాటర్ కలర్ ట్యూబుల్లోంచి బఠాణీ గింజంత చొప్పున పిండి, అలాగే ఎండనిచ్చి, కిటికీ దగ్గర వదిలేయండి. వాటర్ కలర్లో రంగుని పట్టి ఉంచేది తుమ్మజాతి చెట్టు జిగురు, అది ఎండినా తడి బ్రష్ తగిలితే మళ్ళీ కరుగుతాది. ఎక్రిలిక్ రంగులతో ఇది కుదరదు, ఒకసారి ఎండితే ఇంక నీళ్ళకి లొంగదు, బ్రష్ మీద ఎండితే బ్రష్ కూడా పోద్ది. అందుకే రోజువారీ ఆటకి వాటర్ కలరే మంచిదంటాను. కుక్కర్ విజిల్ వచ్చేలోపు రెండు మరకలు వేసినా ఆ రోజు వేసినట్టే లెక్క.

సమస్య: తెల్ల పేపర్ చూస్తే చెయ్యి ఆగిపోతుంది

కారణం రెండు ముక్కల్లో చెప్పాలంటే పేపర్ ఖరీదు, పైగా దాని మీద "బొమ్మ" రావాలన్న పట్టుదల. మన ఇళ్ళల్లో ధనుర్మాసం అంతా పొద్దున్నే వాకిట్లో ముగ్గు పడతాది, మర్నాడు కళ్ళాపితో అది పోయి ఇంకోటి వస్తాది, చుక్క తప్పినా ఎవరూ బాధపడరు, ఎవరూ దాచుకోరు. పేపర్ మీద కూడా అలాగే వెయ్యండి. ఎ4 షీట్‌ని రెండుసార్లు మడిచి చింపితే నాలుగు చిన్న ముక్కలొస్తాయి, చిన్న ముక్కకి భయం తక్కువ. ఇంట్లో పేరుకుపోయిన శుభలేఖల వెనకవైపు కూడా బాగుంటాది, నున్నగా మెరిసేవి వద్దు గానీ గరుకు అట్టవైతే రంగు చక్కగా పట్టుద్ది. మొదలెట్టడానికి ఏమీ తోచకపోతే టీ డికాక్షన్ ఓ చుక్క వేసి ఊదండి, అది ఎటు పారితే అటు వెళ్ళండి.

సమస్య: ఏం కలిపినా బురద రంగే వస్తోంది

ఎరుపు, పసుపు, నీలం మూడూ కలిశాయంటే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. కావాలని కలపకపోయినా ఒకే కప్పు నీళ్ళలో బ్రష్ ముంచుతుంటే అవే కలిసిపోతాయి. రెండు కప్పులు పెట్టుకోండి, ఒకటి కడగడానికి, ఒకటి కలపడానికి. ఇంక అసలు మందు ఏటంటే, రోజుకి రెండే రంగులు. లెమన్ యెల్లో, ప్రష్యన్ బ్లూ కలిపితే కొత్త వరినారు పచ్చ, అదే ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), అల్ట్రామెరీన్ (ముదురు నీలం) కలిపితే ఉద్దానం జీడితోటల్లో ఉండే ముదురు మాసిన పచ్చ. అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు) కలపండి, కళింగపట్నం బీచ్‌లో వాన ముందు మబ్బు రంగు వస్తాది, సియెన్నా పాళ్ళు పెంచుతూ పోతే వరదొచ్చిన నాగావళి నీళ్ళు. ఇంత అందమైన రంగుల్ని బురద అని ఎలా అంటాం చెప్పండి. వాటితోనే ఓ వారం ఆడొచ్చు.

సమస్య: పేపర్ ఉబ్బి అలలు తేలుతోంది, రంగు పాకేస్తోంది

జిరాక్స్ పేపర్ అయ్యుంటాది, అది 70-80 జీఎస్ఎం (చదరపు మీటరు పేపర్ ఎన్ని గ్రాములుంటాదో ఆ లెక్క), నీళ్ళు ఆపలేదు. వాటర్ కలర్‌కి 300 జీఎస్ఎం కావాలి. డబ్బులు చూసుకోవాలంటే మామూలు పేపర్ మీద నీళ్ళు తక్కువ వాడే ఆటలు ఆడుకోండి, తెల్ల కొవ్వొత్తితో గీతలు గీసి పైన పల్చగా రంగు పూస్తే మైనం ఉన్నచోట రంగు అంటదు, పిల్లలకి ఇది చూపిస్తే వదలరు.

వాతావరణం కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో బ్రష్ తీసేలోపే అంచులు ఎండి గట్టి గీతలు పడతాయి, పేపర్ని ముందే తడిపితే ఆ బాధ తగ్గుద్ది. వానాకాలం గాల్లో తేమ, ఎంతకీ ఎండదు, అప్పుడు తడి మీద తడి వెయ్యండి, రంగులు ఒకదాంట్లోకి ఒకటి వెళ్ళడం చూడ్డానికి అదే సీజన్. నీళ్ళ మెరుపు ఇంకా ఉండగానే కల్లుప్పు నాలుగు పలుకులు చల్లండి, మన నౌపడ మళ్ళ ఉప్పైతే మరీ మంచిది. ఉప్పు చుట్టుపక్కల తడిని లాగేసి తెల్లటి చుక్కల్లా విచ్చుకుంటాయి. పూర్తిగా ఎండాకే దులపండి. తుఫాను గాలి ఉన్న రోజు మాత్రం ఉప్పు తనే తడిసిపోద్ది, ఆ రోజుకి మానేయండి.

సమస్య: ఇంట్లోవాళ్ళు "ఏటే ఇది, ఏం బొమ్మ?" అంటున్నారు

వాళ్ళ తప్పేం లేదు, బొమ్మంటే దేవుడో, కొండా సూర్యుడో అని మనందరికీ స్కూల్లోనే అలవాటైపోయింది. వేసినవి వెంటనే చూపించకండి. వెనకాల తేదీ రాసి చెప్పుల డబ్బాలో పడేసి నెల తర్వాత మీరే ముందు చూడండి. ఇంకా అడిగితే బ్రష్ వాళ్ళ చేతికిచ్చి "అమ్మా, నువ్వో గీత పెట్టు" అనండి. ముగ్గులు వేసే చెయ్యి కదా, మనకంటే ధైర్యంగా గీస్తారు.

సమస్య: అన్నీ ఒకేలా వస్తున్నాయి, బోర్

బ్రష్ పక్కన పెట్టండి. వేపపుల్ల నమిలితే మంచి బ్రష్షే, కొబ్బరి పీచు కట్టినా పని చేస్తాది. ఎడంచేత్తో వెయ్యండి. లేదంటే మన శ్రీకాకుళంలోనే 1921లో పుట్టిన చిత్రకారుడు వడ్డాది పాపయ్య గారి చందమామ ముఖచిత్రం ఒకటి తీసుకుని, బొమ్మ కాపీ కొట్టకుండా అందులో మీకు నచ్చిన మూడు రంగులు మాత్రం పట్టుకోవడానికి ప్రయత్నించండి. విజయనగరం వైపు వాళ్ళైతే గంటస్తంభం దగ్గర టీ తాగుతూ ఆ గంటసేపట్లో దాని నీడ ఎటు జరిగిందో అంతవరకే వెయ్యండి, స్తంభం వద్దు.

సమస్య: నోట్‌బుక్‌లో బూజు చుక్కలు

తడి ఆరకుండా మూసేశారు. రాత్రంతా తెరిచి ఫ్యాన్ కింద పెట్టి, తర్వాత షూ డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో మూతున్న డబ్బాలో పెట్టండి, ఆ పొట్లాలు మాత్రం పిల్లలకి అందనివ్వకండి.