రెండు పిల్లులకి పడకపోతే

పిల్లుల గొడవ అరుపుతో మొదలవదు, చూపుతో మొదలవుతుంది. ఒకటి వంటింటి గుమ్మానికి అడ్డంగా పడుకుని రెప్పవేయకుండా చూస్తుంటుంది, రెండోది గోడవారగా వెనక్కి మళ్లుతుంది. హాయిగా పడుకుందనుకుంటాం కానీ అది దారికాయడం. మలమూత్రాలకి పెట్టిన ట్రేకి వెళ్లే దారి అలా మూసుకుపోతే రెండోది పరుపు మీద మూత్రం పోస్తుంది. దాన్ని తిట్టి లాభం లేదు.

సఖ్యంగా ఉన్నవి ఉన్నట్టుండి చెడితే ముందు వెటర్నరీ డాక్టరుకి చూపించండి. పంటినొప్పి, కీళ్లనొప్పి ఉన్న పిల్లి తాకితే కొడుతుంది. మగపిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చున్నా మూత్రం రావడం లేదంటే ప్రాణాపాయం, ఆ క్షణమే బయల్దేరాలి. బాల్కనీ అవతల వీధి గండుపిల్లిని చూసిన కోపం పక్కనున్న దానిమీద తీర్చుకోవడమూ మామూలే. కిటికీ కింది భాగానికి కాగితం అంటిస్తే ఆ గొడవ చాలావరకు తగ్గుతుంది. ఆస్పత్రి నుంచి వచ్చినదాన్ని రెండోది గుర్తుపట్టనట్టు బుస కొడితే కారణం మందుల వాసన. ఒక రోజు వేరే గదిలో ఉంచండి.

రెండు పిల్లులకి మూడు ట్రేలు కావాలి, అవీ వేర్వేరు చోట్ల. మూడూ ఒకే బాత్రూంలో వరసగా పెడితే పిల్లి లెక్కలో ఒకటే. మూత ఉన్న ట్రే వద్దు, లోపలున్నది చిక్కుకుపోతుంది. తిండి గిన్నెలు ఒకదానికొకటి కనపడకూడదు. బీరువా మీదకి ఎక్కనివ్వండి, కానీ దిగడానికి రెండో దారి ఉండేలా స్టూలో, అలమరో జరపండి.

ఇప్పటికే కలబడుతుంటే వేరు చేయాల్సిందే. "వాటికవే తేల్చుకుంటాయి" అన్న సలహా వినకండి, ప్రతి పోట్లాటా భయాన్ని పెంచుతుంది. చెరో గదిలో పెట్టి, పొడిగుడ్డతో ఒకదాని బుగ్గలు తుడిచి ఆ గుడ్డని రెండోదాని గిన్నెకి కాస్త దూరంలో ఉంచండి. బుస కొట్టకుండా తింటుంటే మూసిన తలుపుకి చెరోవైపు గిన్నెలు పెట్టండి. మొదట ఆరడుగుల దూరం, కుదురుగా తిన్నకొద్దీ అరడుగు దగ్గరికి.

ఆ తర్వాత మన ఇళ్లలో దోమల జాలీ తలుపు భలే పనికొస్తుంది. దానికి పాత చీర కట్టి, రోజుకి నాలుగంగుళాలు పైకి మడవండి. పూర్తిగా కనపడుతున్నా తింటుంటే తలుపు తీసి అయిదు నిమిషాలు, ఇద్దరు మనుషులు చెరో పిల్లినీ ఆడిస్తూ కలవనివ్వండి. తోక విసరడం, చెవులు వెనక్కి వాలడం కనిపించకముందే ఆపాలి. మొత్తానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే: మూడో రోజు బాగానే ఉన్నాయి కదా అని తలుపు బార్లా తీసేస్తారు.

కలబడితే చేయి మాత్రం పెట్టకండి. మధ్యలోకి అట్టముక్కో దిండో దూర్చండి. తర్వాత బొచ్చు విడదీసి చూడండి, చిన్న పంటిగాటు పైకి మూసుకుపోయి రెండు మూడు రోజుల్లో లోపల చీము పడుతుంది. మిమ్మల్ని కరిస్తే సబ్బునీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

రెండూ ఒకే గదిలో ఒకదానికొకటి వీపు తిప్పి పడుకుంటున్నాయంటే పని అయినట్టే. ఒకదాన్నొకటి నాకాలని ఆశించకండి.