బెల్ట్ టర్న్‌టేబుల్‌కు బయటి స్పీడ్ కంట్రోలర్ ఎలా పెట్టుకోవాలి?

మా అన్న అమెరికా నుంచి వస్తూ పాత బెల్ట్ టర్న్‌టేబుల్ ఒకటి, అంటే రబ్బరు బెల్టుతో పళ్లెం తిప్పే రికార్డు ప్లేయర్, తెచ్చాడు. హనుమకొండలో ఇంటికి చేరగానే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి రికార్డు వేశాం. పాట ఈడ్చుకుంటూ వచ్చింది, ఆడగొంతు మగగొంతులా వినిపించింది. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 115 చేసింది కానీ ఫ్రీక్వెన్సీని ముట్టుకోలేదు. ఇలాంటి టర్న్‌టేబుల్లో ఉండే సింక్రనస్ మోటారు వేగం ఆ ఫ్రీక్వెన్సీ మీదే ఆధారపడుతుంది. అక్కడ 60 హెర్ట్జ్, మన దగ్గర 50. అందుకే నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం 27.8 దగ్గరే ఉండిపోయింది, శ్రుతి దాదాపు మూడు స్వరస్థానాలు కిందికి దిగింది. స్టెబిలైజర్ కొన్నా ఇది మారదు. కావలసిన ఫ్రీక్వెన్సీలో ఏసీని కొత్తగా తయారుచేసి మోటారుకిచ్చే కంట్రోలరే దీనికి మందు.

కొనే ముందు టర్న్‌టేబుల్‌ను తిప్పి అడుగున ఉన్న లేబుల్ చదవండి. వోల్టులు, హెర్ట్జ్, వాట్లు మూడూ రాసుకోండి. అడాప్టర్ మీద అవుట్‌పుట్ డీసీ అని ఉంటే ఈ పద్ధతి దానికి పనికిరాదు. బెల్టు లేకుండా మోటారే పళ్లాన్ని నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవ్‌కూ అంతే. 16 వోల్టుల ఏసీ మోటార్లకు వేరే కంట్రోలర్లు ఉంటాయి, వాటినీ వీటినీ కలపొద్దు. మోటారు లాగేది కొద్ది వాట్లే అయినా కంట్రోలర్ సామర్థ్యం అంతకంటే ఎక్కువ ఉండాలి.

తర్వాత బెల్టు సంగతి చూడండి. దాన్ని తీసి, మోటారు పుల్లీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. మాకు గుడ్డ మీద నల్లటి రబ్బరు గీత పడింది. వదులైన బెల్టు జారుతుంది, జారే బెల్టును ఏ కంట్రోలరూ బాగుచేయలేదు.

ఇప్పుడు కనెక్షన్లు. అన్నీ ఆపేసి, కంట్రోలర్ అవుట్‌పుట్ వోల్టేజీ మోటారు లేబుల్‌తో సరిపోయేలా పెట్టండి. 115 మోటారుకు 230 వెళితే కాలిపోవచ్చు. కంట్రోలర్ ప్లగ్గు గోడకు, టర్న్‌టేబుల్ ప్లగ్గు కంట్రోలర్‌కు. యాంప్లిఫయర్‌ను మాత్రం గోడకే పెట్టండి. కంట్రోలర్ పెట్టెను ముల్లు ఉన్న వైపు నుంచి మూరెడు దూరం జరపండి, లేదంటే స్పీకర్లలో గుయ్యిమనే హమ్ రావచ్చు.

33⅓ కోసం లేబుల్ మీదున్న ఫ్రీక్వెన్సీయే ఇవ్వండి. 45కు దాన్ని 1.35తో గుణించాలి: 50 హెర్ట్జ్ పుల్లీ అయితే 67.5, మా దానికి 81. బెల్టు మాత్రం మోటారు పుల్లీ మీది చిన్న మెట్టు (33⅓ది) మీదే ఉండాలి. పెద్ద మెట్టుకు మార్చి ఫ్రీక్వెన్సీ కూడా పెంచితే వేగం ఒకసారి పుల్లీ వల్ల, మరోసారి ఫ్రీక్వెన్సీ వల్ల పెరుగుతుంది.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది వేగం కొలవడంలో. దానికి స్ట్రోబ్ డిస్క్ కావాలి: పళ్లెం మీద పెట్టే గీతల చక్రం ఇది, కరెంటు ఫ్రీక్వెన్సీతో మినుకుమనే వెలుతురులో వేగం సరిగ్గా ఉంటే గీతలు నిలబడినట్టు కనిపిస్తాయి. 50 హెర్ట్జ్ స్ట్రోబ్ డిస్క్‌లో 33⅓ వరుసకు 180 గీతలుంటాయి. పళ్లెం పావుగంట తిరిగాక, రికార్డు మీద ముల్లు ఆడుతుండగానే చూడాలి. ఎల్ఈడీ బల్బులు చాలావరకు సరిగ్గా మినుకుమనవు. మేం రాత్రి గదిలో లైట్లు ఆర్పేసి, ఎక్స్‌టెన్షన్ బాక్సు మీదుండే ఎర్ర నియాన్ ఇండికేటర్‌ను డిస్క్ దగ్గరికి తెచ్చాం. గీతలు నిలబడిపోయినట్టు కనిపించాయి! ఆ బాక్సు గోడ కరెంటు మీదే ఉండాలి, కంట్రోలర్ మీద కాదు. గీతలు పళ్లెం తిరిగే వైపే జరుగుతుంటే వేగం ఎక్కువ, వెనక్కి జరిగితే తక్కువ. దాన్నిబట్టి ఫ్రీక్వెన్సీని కొద్దికొద్దిగా మార్చండి. నిమిషానికి పది పన్నెండు గీతలు కదిలితే టెన్షన్ పడొద్దు, అది 0.2 శాతమే. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ కూడా ఆ మాత్రం ఊగుతుంది.

కొన్ని కంట్రోలర్లలో, పళ్లెం వేగం అందుకున్నాక మోటారుకు వెళ్లే వోల్టేజీని తగ్గించే సౌకర్యం ఉంటుంది. ఉంటే తప్పక వాడండి. టర్న్‌టేబుల్ చెక్క మీద వేళ్లు ఆనించి కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతే సన్నటి వణుకు తగ్గడం తెలుస్తుంది. వేగం పడిపోతున్నట్టు అనిపిస్తే ఒక మెట్టు వెనక్కి వచ్చి అక్కడే ఉంచేయండి.