చేపలు ఎదురెక్కే వాగుపై కల్వర్టు కట్టడం ఎలా

తొలకరిలో కొత్తనీరు దిగగానే వాలుగ, కొరమీను, పరక లాంటి చేపలు గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటూ వాగులకు, గెడ్డలకు ఎదురెక్కుతాయి. దారిలో రోడ్డు కింద రెండు హ్యూమ్ పైపులు (గుండ్రటి సిమెంటు తూములు), వాటి చివర మూరెడు ఎత్తు నుంచి పడే నీరు ఎదురైతే ఆ ప్రయాణం అక్కడితో సరి. ఆ ఎత్తు కట్టిన రోజున ఉండదు. వాగుకంటే పైపులు ఇరుకైతే నీటి వేగం పెరుగుతుంది, బయటపడే చోట మట్టిని తవ్వేస్తుంది. కొన్ని వానాకాలాలు గడిచేసరికి పైపు మూతి గాల్లో తేలుతుంది. అందుకే ముందు తేల్చుకోవాల్సింది వెడల్పు.

దాన్ని రోడ్డు పక్కన కొలవకండి. పాత కట్టడం వల్ల అక్కడ వాగు ఆకారం చెడి ఉంటుంది. ఎగువకు నడిచి, కనీసం మూడు నాలుగు చోట్ల, గట్ల నిండా పారినప్పటి వెడల్పు టేపుతో కొలిచి సగటు తీయండి. గట్టు వాలు మారే అంచు, ఇసుక మేటల పైమట్టం, గట్టిగా వేళ్లూనిన మొక్కలు మొదలయ్యే గీత మీకు ఆనవాళ్లు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం సాల్మన్ చేపల కోసం వాడే సూత్రం ఇక్కడా మంచి మొదలు: ఆ సగటును 1.2తో హెచ్చవేసి 0.6 మీటర్లు కలపాలి. 2.5 మీటర్ల వాగుకు 3.6 మీటర్ల స్పాన్ (గోడల మధ్య దూరం) వస్తుంది. వరద లెక్క ఇంకా ఎక్కువ అడిగితే అదే తీసుకోండి. పైపులు పక్కపక్కన పేర్చి ఈ వెడల్పు రాబట్టొద్దు. మధ్యలో దుంగలు, చెత్త అడ్డంపడి మూసుకుపోతాయి. ఒకే గడి చాలు. పునాదికి గట్టి నేల అందితే అడుగు తెరిచి ఉండే స్లాబ్ కల్వర్టే మేలు, లేకుంటే అడుగుతో సహా నాలుగు వైపులా కాంక్రీటు ఉండే బాక్సు.

బాక్సు అడుగును వాగు మట్టానికి పెట్టకండి. లోపలి ఎత్తు 2.4 మీటర్లయితే 0.8 మీటర్లు కిందికి దించి, ఆ మేర రాళ్లు, ఇసుకతో వాగు అడుగును మళ్లీ పరవాలి. వరద లెక్కలో మిగిలిన 1.6 మీటర్లే వాడాలి, ఇక్కడ 2.4 వేసేయడం తరచూ జరిగే పొరపాటు. వాగు వెడల్పుకు కనీసం 20 రెట్ల పొడవున ఎగువా దిగువా లెవెల్ తీసి, లోపలి వాలును ఎగువ వాలుతో కలపండి. ఎంత తప్పనిసరైనా లోపలి వాలును ఎగువ వాలుకు 1.25 రెట్లు దాటనివ్వొద్దు.

అడుగున రాళ్లెందుకో, వాలు, గరుకుదనాన్ని బట్టి నీటి వేగం లెక్కగట్టే మానింగ్ సూత్రంతో చూడండి. హైడ్రాలిక్ రేడియస్ (పారే నీటి అడ్డుకోత వైశాల్యాన్ని నీరు తాకే అంచు పొడవుతో భాగిస్తే వచ్చేది) 0.3 మీటర్లు, వాలు 1 శాతం ఉంటే నున్నటి కాంక్రీటుపై (గరుకుదనం చెప్పే అంకె ఎన్ 0.013) వేగం సెకనుకు దాదాపు 3.4 మీటర్లు. గులకరాళ్లపై (ఎన్ 0.045) దాదాపు 1 మీటరు. పది సెంటీమీటర్ల చేప ఊపిరి బిగబట్టి ఈదినా సెకనుకు సుమారు మీటరే, అదీ కొన్ని సెకన్లే. అంటే రాళ్లపై కూడా నడిమి ధార దానికి కష్టమే. గోడల వెంట, పెద్ద గుండ్ల వెనక నెమ్మదిగా పారే నీరు దొరికితేనే ఆగి ఆగి పైకెక్కుతుంది.

ఎగువన వంద రాళ్లు ఏరి ఒక్కోదాని మధ్య కొలత (అతి పొడవూ, అతి సన్నమూ కాని అడ్డుకొలత) రాసుకోండి. ఆ పరిమాణాల కలయికనే లోపల నింపాలి. పెద్ద రాళ్లను అంచుల్లో గట్టులా పేర్చి, నడుమ ఎండాకాలపు సన్నధార కోసం వంకరగా లోతు గీత వదలండి. ఒకే సైజు కంకర పోస్తే వేసవి నీరంతా రాళ్ల సందుల్లోకి దిగి పైన పొడిగా మిగులుతుంది. 5–10 శాతం సన్న ఇసుక, ఒండ్రు కలిపి, నీరు పైన నిలిచేదాకా పైపుతో తడుపుతూ సందుల్లోకి దించాలి. సిమెంటుతో మాత్రం అతకొద్దు.

నీటికుక్క, ఉడుము, తాబేలు వరదలోనూ దాటాలంటే గోడ వెంట 500 మి.మీ. వెడల్పు అరుగు కావాలి. అది వరద మట్టానికి 150 మి.మీ. పైన ఉండాలి, దానిపై 600 మి.మీ. ఖాళీ మిగలాలి, రెండు చివర్లా గట్టుకు వాలుగా కలవాలి. ఎత్తు చాలకపోతే పక్కన రోడ్డు కట్టలో 600 మి.మీ. పొడి పైపు వేయండి. జింకలకు ఇది సరిపోదు. వాటికి జాతీయ రహదారి 44పై పెంచ్ అడవిలో కట్టినలాంటి విశాలమైన అండర్‌పాస్‌లే కావాలి.

పని జనవరి–మే మధ్య ముగించండి. పచ్చి కాంక్రీటు కడిగిన నీటిలోని క్షారం చేపల్ని చంపేస్తుంది; దాన్ని వాగులోకి వదలకుండా గుంటలోకి తోడండి.

పాత కల్వర్టును మార్చే డబ్బు లేకుంటే దిగువన రాతి అడ్డుకట్టలు వరసగా వేసి, పైపు మూతి మునిగేదాకా నీరు నిలపొచ్చు. ఒక్కో మెట్టు 15 సెం.మీ. మించకూడదు, నడుమ గండి ఉండాలి. ఇది తాత్కాలికమే, ఏటా సరిచేయాలి.

కొత్తదాన్ని మొదటి వరద తర్వాత లోపలికి వెళ్లి చూడండి. నడుమ బాక్సు అడుగు కాంక్రీటు బయటపడితే పెద్ద రాళ్ల పరిమాణం చాలలేదన్నమాట. కాంక్రీటు పోయకుండా, ఇంకా పెద్ద గుండ్లు తెచ్చి, సన్న ఇసుకతో మళ్లీ బిగించండి.