మోటౌన్‌నూ దాని పోటీదారులనూ పక్కపక్కన పెట్టి వినడం ఎలా

అమెరికా నల్లజాతివారి చర్చి పాట, బ్లూస్‌ల నుంచి పుట్టిన సోల్ సంగీతం కొత్తగా వినేవారు చాలామంది మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటల దగ్గరే ఆగిపోతారు. అయితే ఆ కంపెనీ ఎదుట మిగిలినవారు ఎలా నిలిచారో, ఎక్కడ లొంగారో విన్నప్పుడే దాని బలం ఎంతటిదో తెలుస్తుంది. విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో ఆదివారాలు నలుగురం కూర్చుని విన్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ఫోన్ స్పీకరులో మాత్రం వినకండి. ఈ సంగీతానికి ప్రాణమైన బేస్ గిటార్ (మంద్రస్వరాలు పలికే గిటార్) అందులో దాదాపు వినిపించదు కనుక హెడ్‌ఫోన్లు తప్పనిసరి.

మొదట మోటౌన్‌నే వినాలి. కార్ల కర్మాగారంలో పనిచేసిన బెర్రీ గోర్డీ, కుటుంబం ఇచ్చిన 800 డాలర్ల అప్పుతో 1959లో డెట్రాయిట్‌లో ఈ సంస్థను ప్రారంభించి, పాటల తయారీని కూడా కర్మాగారం తీరులోనే నడిపారు. రాసేవారు, పాడేవారు, వాయించేవారు ఎవరి పని వారు చేసేవారు. ఏ పాట విడుదల కావాలో సమావేశంలో తేల్చేవారు. ఫోర్ టాప్స్ బృందం 1965లో పాడిన 'ఐ కాంట్ హెల్ప్ మైసెల్ఫ్' పెట్టుకుని చేత్తో తాళం వేయండి. ఒక్కో ఆవర్తనంలోని నాలుగు దెబ్బల మీదా స్నేర్ డ్రమ్ము (కర్రలతో వాయించే, చురుకైన మోతగల చిన్న డ్రమ్ము) సమానంగా పడుతుంది. రెండోసారి గొంతులను వదిలేసి జేమ్స్ జేమర్సన్ బేస్‌ను మాత్రమే వెంబడించండి.

తరువాత మెంఫిస్‌కు రండి. అక్కడి స్టాక్స్ సంస్థ పాత సినిమా హాలును స్టూడియోగా మార్చుకుంది. మోటౌన్ తన ఇంటిమీద 'హిట్స్‌విల్ యు.ఎస్.ఎ.' అని రాయించుకుంటే, స్టాక్స్ ఆ హాలు బోర్డు మీద 'సోల్స్‌విల్ యు.ఎస్.ఎ.' అని పెట్టింది. ఆ స్టూడియోలో విల్సన్ పికెట్ 1965లో పాడిన 'ఇన్ ది మిడ్‌నైట్ అవర్'కు తాళం వేస్తే, బరువంతా రెండు, నాలుగు దెబ్బల మీద ఉందనీ, ఆ దెబ్బ కూడా వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతోందనీ గమనిస్తారు. స్టాక్స్ రికార్డులను పంపిణీ చేసే అట్లాంటిక్ కంపెనీ నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ అప్పటి కుర్రకారు వేస్తున్న నృత్యాన్ని స్టూడియోలో తానే ఆడి చూపి, ఆ లయను అడిగారు. మృదంగం నేర్చిన మా మిత్రుడొకరు, కాలప్రమాణం జారకుండా దెబ్బను ఇలా వెనక్కి లాగడం ఎంత కష్టమో మాకు వాయించి చూపించారు. ఇదంతా మోటౌన్‌కు ఎదురు నిలవడం కోసమే పుట్టిందని నేను అనను. అమెరికా దక్షిణాది చర్చి పాట, బ్లూస్ అక్కడ ముందునుంచీ ఉన్నాయి.

అనుకరించినవారినీ వినాలి. జాకీ విల్సన్ 1967లో షికాగోలో బ్రన్స్‌విక్ కంపెనీకి పాడిన 'హయ్యర్ అండ్ హయ్యర్'లో వాయించినది మోటౌన్ వాద్యకారులే. తమ యజమాని గోర్డీకి తెలియకుండా వచ్చి వాయించారు. డెట్రాయిట్‌లోనే ఉన్న గోల్డెన్ వరల్డ్ కూడా ఆ కళాకారులతోనే పాటలు చేయించింది. గోర్డీ చివరకు ఆ సంస్థనే కొనేశారు.

నా దృష్టిలో అతి ముఖ్యమైన మలుపు 1968. స్టాక్స్ ప్రధాన గాయకుడు ఓటిస్ రెడింగ్ 1967 డిసెంబరులో విమాన ప్రమాదంలో మరణించారు; అట్లాంటిక్‌తో ఒప్పందం తెగిపోయినప్పుడు తన పాత రికార్డుల హక్కులను సైతం స్టాక్స్ పోగొట్టుకుంది. అన్నీ పోయిన ఆ సంస్థ నిలదొక్కుకోవడానికి డెట్రాయిట్ నుంచే డాన్ డేవిస్ అనే నిర్మాతను పిలిపించుకుంది. ఆయన చేతిలో జానీ టేలర్ పాడిన 'హూజ్ మేకింగ్ లవ్'ను పికెట్ పాట వెంటనే పెట్టి వినండి. మెంఫిస్ వాద్యాల గరుకుదనం చాలావరకు అలాగే ఉన్నా, పాట కట్టిన తీరులో డెట్రాయిట్ బిగువు కనిపిస్తుంది. మరుసటి ఏడాది స్టాక్స్ ఒక్క ఊపున 27 ఆల్బములు విడుదల చేసింది. మోటౌన్ ప్రభావాన్ని నేను స్వరాలలో కంటే కర్మాగారం తీరులోని ఈ పని విధానంలోనే ఎక్కువగా చూస్తాను.

చివరిగా ఫిలడెల్ఫియా. పాటల రచయితలు, నిర్మాతలు అయిన కెన్నీ గాంబుల్, లియాన్ హఫ్ 1971లో స్థాపించిన సంస్థ మోటౌన్ లాగే సొంత రచయితలను, స్థిరమైన వాద్యబృందాన్ని పెట్టుకుంది. హెరాల్డ్ మెల్విన్ బృందం 1973లో పాడిన 'ది లవ్ ఐ లాస్ట్'కు మళ్లీ చేత్తో తాళం వేయండి. మోటౌన్ స్నేర్ మీద వాయించిన ఆ నాలుగు దెబ్బలను ఇక్కడ డ్రమ్మర్ ఎర్ల్ యంగ్ కాలితో మోగించే పెద్ద డ్రమ్ము మీద వాయిస్తున్నారు.