పాత చైన్‌సా స్టార్ట్ కాకపోతే ఏం చూడాలి?

చాలాకాలం వాడకుండా ఉంచిన చైన్‌సా (పెట్రోలు ఇంజిన్‌తో నడిచే రంపం) స్టార్ట్ కాకపోతే, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ స్క్రూలను తిప్పడానికి తొందరపడకుండా, ముందుగా ట్యాంకులోని పాత పెట్రోలును పూర్తిగా తీసివేసి, మాన్యువల్‌లో సూచించిన నిష్పత్తిలో టూ స్ట్రోక్ ఆయిల్ కలిపిన తాజా పెట్రోలు పోయాలి. 50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్. పాత మోడళ్లలో కొన్నింటికి ఇంతకంటే ఎక్కువే కావాలి. ఆయిల్ కలపని పెట్రోలుతో నడిపితే పిస్టన్, సిలిండర్ గీతలు పడి పాడైపోతాయి.

ఆ తర్వాత కొన్నిసార్లు తాడు లాగి, స్పార్క్ ప్లగ్ విప్పి చూడాలి. ప్లగ్ బాగా తడిసి ఉంటే ఇంధనం ఎక్కువైందని గాని, నిప్పురవ్వ సరిగా రావడం లేదని గాని అనుకోవచ్చు. పొడిగా ఉంటే ఇంధనమే చేరడం లేదు. అలాంటప్పుడు నేను మొదట అనుమానించేది ట్యాంకులోని ఫిల్టర్‌ను, బీటలువారిన రబ్బరు గొట్టాన్ని. ఆ తర్వాతే కార్బురేటర్‌లో ఏళ్ల తరబడి గట్టిపడిపోయిన డయాఫ్రమ్‌ను. పాత యంత్రాల్లో ఈ పలుచని పొర చేసే ఇబ్బంది చాలామందికి తెలియదు, దాన్ని మార్చకుండా ఎంత సర్దినా ఇంజిన్ నిలకడగా నడవదు.

ఇంజిన్ బాగున్నా కోత సాగక, చెక్క పేళ్లకు బదులు సన్నని పొడి రాలుతుంటే చైన్ మొద్దుబారిందన్నమాట. ఇంజిన్ ఆపి, ప్లగ్ తీగ ఊడదీసి, చేతి తొడుగులు వేసుకుని, చైన్‌కు తగిన మందమున్న గుండ్రటి ఆకురాయితో ప్రతి పంటినీ ఒకే కోణంలో, అన్నింటికీ సమానంగా పదును పెట్టాలి. తిరుగుతున్న చైన్‌ను వెంటనే ఆపే చైన్ బ్రేక్ పట్టకపోతే మాత్రం, అది బాగయ్యేవరకు యంత్రాన్ని వాడనే కూడదు.