విద్యార్థులకు లఘుచిత్ర నిర్మాణం – 4వ పాఠం: మాటను దగ్గరగా పట్టుకోవడం

హాస్టల్ గదిలో ఇద్దరు స్నేహితులు పరీక్ష ఫీజు గురించి మాట్లాడుకునే రెండు నిమిషాల సన్నివేశాన్ని ఫోనుతో చిత్రీకరించమని గత పాఠంలో కోరాను. ఆ సన్నివేశాన్ని ఇప్పుడు తెరవండి, కాని చూడకండి. ఫోనును బోర్లా పెట్టి, ఇయర్‌ఫోన్లతో మొదటినుంచి చివరిదాకా వినండి. సీలింగ్ ఫ్యాను హోరు, వరండాలో బకెట్ ఈడ్చిన చప్పుడు, వాటి వెనక ఎక్కడో రెండు గొంతులు వినిపిస్తాయి. చిత్రీకరిస్తున్నప్పుడు ఆ ఫ్యాను మీ ధ్యాసలోకే రాలేదు. మనకు కావలసిన మాటను ఏరుకుని తక్కిన సందడిని పక్కకు నెట్టడం మన వినికిడికి పుట్టుకతో వచ్చిన గుణం. మైకుకు ఆ గుణం లేదు. దాని ముందుకు వచ్చినదంతా అది సమానంగా రాసుకుంటుంది.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో తీసిన మొదటి చిత్రంలో కథంతా ఆధారపడిన ఒక్క చివరి మాట, క్యాంటీన్ ఫ్రిజ్ మోటారు చప్పుడులో పూర్తిగా మునిగిపోయింది. ఎడిటింగ్‌కు కూర్చునే నాటికి ఆ పాత్ర వేసిన మిత్రుడు సెలవులకు ఊరు వెళ్లిపోయాడు. తరువాత అతని చేత ఆ మాట మళ్లీ చెప్పించాను గాని, ఆ రోజు కళ్లలో ఉన్న తడి ఈసారి గొంతులోకి రాలేదు. మన సినిమాల్లో సంభాషణలను స్టూడియోలో డబ్బింగ్ చెప్పడం మామూలే కనుక మనమూ అలాగే చేద్దామని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. నిశ్శబ్దమైన గది, పెదవుల కదలికకు మాటను అతికించే అనుభవం లేకుండా అది దగ్గరి దారి కాదని నా అభిప్రాయం. నటిస్తున్న క్షణంలోనే మాటను పట్టుకోవడం నేర్చుకోండి.

ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది దూరం. నోటికీ మైకుకూ మధ్య దూరం సగమైన ప్రతిసారీ నేరుగా వచ్చే మాట స్థాయి సుమారు 6 డెసిబెళ్లు (శబ్ద స్థాయిని కొలిచే ప్రమాణం) పెరుగుతుంది. బోసి గోడలకు తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వని మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అంటే 6 అడుగుల దూరంలో ఉన్న మైకును అడుగున్నరకు తెస్తే 12 డెసిబెళ్ల లాభం వస్తుంది. ఖరీదైన మైకును దూరంగా పెట్టడం కంటే సామాన్యమైన మైకును దగ్గరకు తేవడమే మేలు. కాబట్టి చిత్రానికి ఒక ఫోను, శబ్దానికి మరొక ఫోను వాడండి. రెండో ఫోనును బల్లమీది పుస్తకాల దొంతర వెనకో, నీళ్ల సీసా వెనకో ఫ్రేములో కనిపించకుండా ఉంచవచ్చు. చొక్కా జేబులో పెట్టేటట్లయితే తలకిందులుగా పెట్టండి. మాటలు పట్టే మైకు సాధారణంగా కింది అంచున, ఛార్జింగ్ రంధ్రం పక్కనే ఉంటుంది. గంజి పెట్టిన చొక్కా ప్రతి కదలికకూ గరగరలాడుతుంది గనుక నటుడికి ఉతికి ఉతికి మెత్తబడిన పాత చొక్కా తొడిగించండి. రెండు ఫోన్లనూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మరువకండి.

ఇక ఫ్యాను సంగతి. చిత్రీకరణ సమయంలో దాన్ని ఆపక తప్పదు, మే నెలలో విజయవాడలోనైనా సరే. కాని ఒక షాటులో తిరుగుతున్న రెక్కలు, మరో షాటులో ఆగిన రెక్కలు కనిపిస్తే సన్నివేశం అతకదు. అందుచేత ఫ్యాను ఫ్రేములో లేకుండా చూసుకుని, షాటుకూ షాటుకూ మధ్య వేసుకుని, నటుల చెమట తుడిచి మళ్లీ మొదలుపెట్టండి. కథకు ఫ్యాను చప్పుడు కావాలనిపిస్తే దాన్ని విడిగా రికార్డు చేసి తరువాత కలపవచ్చు. మాటతో కలిసిపోయిన హోరును విడదీయడం మాత్రం చాలా కష్టం. కెమెరాకు కనిపించని గోడలకు రగ్గులు, బొంతలు వేలాడదీస్తే ప్రతిధ్వని తగ్గుతుంది. ఇవి కీచుమనే శబ్దాలనే ఎక్కువగా పీల్చుకుంటాయి, మోటారు గుర్రును ఆపలేవు.

రికార్డింగ్ యాప్‌లో సెకనుకు 48,000 నమూనాలు (శబ్దాన్ని సెకనుకు అన్నిసార్లు కొలిచి రాసుకోవడం), వేవ్ ఫార్మాట్ (శబ్దాన్ని కుదించకుండా దాచే .wav ఫైలు) ఎంచుకోండి. యాప్ మీటరులో సున్నాయే గరిష్ఠ స్థాయి. మామూలు మాట దానికి దిగువన మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆడుతూ, అరుపు కూడా సున్నాను తాకకుండా ఉండాలి. సున్నా దగ్గర చిట్లిన శబ్దం తిరిగి బాగుపడదు. స్థాయిని యాప్ తనంతట తాను సర్దుకునే సదుపాయం ఉంటే ఆపివేయండి, లేకుంటే మాటల మధ్య మౌనంలో గది హోరు పైకి ఉబుకుతుంది.

రెండు ఫోన్లూ నడుస్తుండగా కెమెరా ముందు ఒక్క చప్పట కొట్టండి. చేతులు కలిసిన ఫ్రేముకు (వీడియోలోని ఒక్క నిశ్చల బొమ్మకు) శబ్దరేఖలో లేచిన శిఖరాన్ని జత చేస్తే మాటా పెదవీ కలుస్తాయి. సెకనుకు 24 ఫ్రేములు తీస్తున్నప్పుడు ఒక ఫ్రేము గడిచేలోగా శబ్దం సుమారు 14 మీటర్లు ప్రయాణిస్తుంది. గదిలో దీనితో పని లేదు గాని, మైదానంలో తీసేటప్పుడు చప్పుడు మైకుకు ఆలస్యంగా చేరకుండా చప్పటను మైకు దగ్గరే కొట్టాలి. సన్నివేశం ముగిశాక ఎవరూ కదలకుండా 30 సెకన్ల పాటు గది మౌనాన్ని రికార్డు చేయండి. ఏ రెండు గదుల మౌనమూ ఒకటి కాదు. కోత పడిన చోట ఈ మౌనాన్ని పరచకపోతే శబ్దం తెగినట్లు చెవికి తెలిసిపోతుంది.

ఈ వారం అభ్యాసానికి ఏదైనా ఒక వాక్యాన్ని 6 అడుగులు, 3 అడుగులు, అడుగున్నర దూరాల నుంచి, హాస్టల్ గదిలో, మెట్ల దగ్గర, చెట్టు కింద రికార్డు చేసి, తొమ్మిదింటినీ వరుసగా వినండి. ఆ తరువాత పాత సన్నివేశాన్నే మళ్లీ తీయండి. ఈసారి మీ బృందంలో ఒకరికి వినడం తప్ప మరే పనీ అప్పగించకండి. పక్క గదిలో కుక్కర్ కూత వేస్తే ‘కట్’ అనే హక్కు దర్శకుడితో సమానంగా ఆ వ్యక్తికీ ఉండాలి. చిత్రం ఫైలుకూ శబ్దం ఫైలుకూ ఒకే షాటు సంఖ్యతో పేర్లు పెట్టి, గది మౌనాన్ని విడిగా దాచి ఉంచండి. 5వ పాఠంలో ఆ మూడింటినీ ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద పరుస్తాం.